ఒకే ఇంటిపేరు, వేల వంశాలు: ఎస్పోసితో గురించి మీ ప్రశ్నలు

కిందటి సంచికలో ఇటలీ ఇంటిపేర్ల గురించి రాస్తూ ఎస్పోసితో అనే పేరును ఒక్క వాక్యంలో దాటేశాను. దాని మీదే ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఇటలీ ఫుట్‌బాల్ చూస్తుంటాను. ఇంటర్ జట్టులో ఒక ఎస్పోసితో, వేరే జట్లలో ఇంకో ఇద్దరు ఎస్పోసితోలు కనిపించారు. పాత ఐస్ హాకీ వీడియోల్లోనూ ఇదే పేరు. వీళ్లంతా ఒకే కుటుంబమా?

జవాబు: మీరు పట్టుకొచ్చిన ఉదాహరణే నన్ను ఇరకాటంలో పెట్టింది, ఎందుకంటే ఆ ముగ్గురు ఫుట్‌బాలర్లూ నిజంగానే అన్నదమ్ములు. సాల్వతోరే, సెబాస్తియానో, ఫ్రాంచెస్కో పియో. నేపుల్స్ దగ్గరి కస్తెల్లమ్మారే ది స్తాబియాలో పుట్టారు. పెద్దవాడూ చిన్నవాడూ కొంతకాలం స్పెజియా జట్టులో కలిసి ఆడారు కూడా. హాకీ వీడియోల్లో మీరు చూసింది ఫిల్, టోనీలనైతే వాళ్లూ అన్నదమ్ములే, కెనడావాళ్లు. 1970-71 సీజన్‌లో 76 గోల్స్ కొట్టిన ఫిల్ ఒకడు, షికాగో గోల్‌కీపర్ టోనీ ఇంకొకడు.

కానీ ఈ ముగ్గురికీ ఆ ఇద్దరికీ మధ్య చుట్టరికం ఉందా అంటే, ఇంటిపేరును బట్టి మాత్రం ఏమీ చెప్పలేం. మామూలుగా ఇంటిపేరు కలిస్తే ఎక్కడో ఒక మూలపురుషుడు ఉంటాడనుకుంటాం. ఈ పేరు విషయంలో అది పనిచేయదు. ఎందుకో కింది జవాబుల్లో చూడండి.

ప్రశ్న: ఎస్పోసితో అంటే అర్థం ఏమిటి? "బయట పెట్టిన" అని ఎక్కడో చదివాను. ఇంటిపేరుకు అదేం అర్థం?

జవాబు: మీరు చదివింది నిజమే. లాటిన్‌లో "ఎక్స్‌పోసితుస్", బయట ఉంచినవాడు అని. ఎక్కడ బయట? చర్చి గుమ్మం ముందు, ఆసుపత్రి అరుగు మీద, ఆ తర్వాతి రోజుల్లో గోడలో అమర్చిన ఒక తొట్టిలో. కన్నవాళ్లు పెంచలేక, లేదా పెంచే ధైర్యం లేక వదిలేసిన పసిపిల్లలకు పెట్టిన పేరిది.

ఈ కథ ఎక్కువగా నడిచింది నేపుల్స్‌లో. ఫోర్చెల్లా అనే పాత పేటలో అన్నుంజియాతా అని ఒక పెద్ద ధర్మసంస్థ ఉంది, చర్చి, ఆసుపత్రి, పిల్లల ఆశ్రమం అన్నీ ఒకే ఆవరణలో. 14వ శతాబ్దం నాటిది. 1757లో చర్చి తగలబడితే లూయిజీ వాన్వితెల్లి అనే పేరుమోసిన వాస్తుశిల్పి తిరిగి కట్టాడు. దాని వీధి గోడలో ఒక కంత, కంత వెనక నిలువుగా తిరిగే చెక్క పీపాయి లాంటిది, దాన్నే "రువోతా" అంటారు. బయట నిలబడి బిడ్డను అందులో పడుకోబెట్టి తిప్పితే బిడ్డ లోపలికి వెళ్తుంది, లోపలున్న మనిషి తీసుకుంటుంది. ఇచ్చినవాళ్ల మొహం తీసుకున్నవాళ్లకు కనబడదు. దాని ఉద్దేశమే అది, ఎవరని అడిగే అవకాశం లేకుండా చేయడం. వీధిలోనో నదిలోనో పారేయకుండా ఇక్కడైనా ఇస్తారని.

లోపలికి వచ్చిన బిడ్డ వివరాలు రిజిస్టర్‌లో రాసేవారు: ఏ రోజు, ఏ వేళ, వయసు ఎంత ఉండొచ్చు, ఒంటి మీద ఏ బట్ట ఉంది, మెడలో ఏమైనా ఉందా. చాలామంది తల్లులు ఏదో ఒక గుర్తు పెట్టి పంపేవారు. సగానికి విరిచిన పతకం, చింపిన దేవుడి పటం ముక్క. మిగతా సగం తమ దగ్గర దాచుకునేవారు, రోజులు బాగుపడితే వచ్చి రెండు ముక్కలూ కలిపి చూపించి బిడ్డను తెచ్చుకోవచ్చని. కొందరు నిజంగానే వచ్చారు. చాలామంది రాలేదు, వచ్చినా బిడ్డ బతికి ఉండేవాడని నమ్మకం లేదు, ఎందుకంటే ఇలాంటి ఆశ్రమాల్లో పసిపిల్లల చావులు ఘోరంగా ఉండేవి. బిడ్డలు లెక్కకు మించి వచ్చేవారు, పాలిచ్చే దాదులు సరిపోయేవారు కాదు. ఓపిక ఉన్న పిల్లల్ని డబ్బిచ్చి పల్లెల్లోని దాదుల దగ్గరికి పంపేవారు.

ఇంకో కథ నేపుల్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పసికందులకే అన్న ఆ కంతలో కాస్త పెద్ద పిల్లల్ని కూడా ఒంటికి నూనె రాసి మరీ దూర్చేవారట. ఎంతవరకు నిజమో గానీ, పేదరికం ఏ స్థాయిలో ఉంటే ఇలాంటి కథ పుడుతుందో ఆలోచించండి. అందుకే వీళ్లంతా పెళ్లికాని తల్లుల బిడ్డలే అనుకోవడం కూడా తప్పు. పెళ్లయి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉండి, ఇంకో నోటికి తిండి పెట్టలేక తొట్టిలో వేసినవాళ్లు బోలెడు మంది.

ఊళ్లో మాత్రం ఈ పిల్లల్ని "మడోన్నా బిడ్డలు" అనేవారు, అంటే మేరీమాత పిల్లలు. ఆ చర్చిలోని మేరీమాత విగ్రహానికి "మమ్మ క్యాత్తా" అని ముద్దుపేరు, లావుపాటి అమ్మ అని. ఇంటిపేరు కంటే ఈ పిలుపులోనే దయ ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: అనాథలకు పెట్టిన పేరైతే అరుదుగా ఉండాలి కదా. ఇటలీలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్ల జాబితా ఏది చూసినా ఇది పైనే ఉంటోంది. ఎలా?

జవాబు: ఈసారి వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది.

అవును, దేశం మొత్తం మీద మొదటి పదింట్లో ఉంటుంది, చాలా జాబితాల్లో నాలుగో స్థానం. పైన ఉండేవి రోస్సీ, రుస్సో, ఫెర్రారి. నేపుల్స్ వరకు చూస్తే దీనిదే మొదటి స్థానం. పక్కనున్న పేర్లు చూడండి. రోస్సీ, రుస్సో రెండూ ఎర్ర జుట్టో ఎర్ర ఛాయో ఉన్నవాడికి పెట్టినవి, ఒకటి ఉత్తరాది రూపం, ఇంకోటి దక్షిణాదిది. ఫెర్రారి అంటే కమ్మరి. ప్రతి ఊళ్లో ఒక ఎర్రజుట్టువాడు ఉంటాడు, ఒక కమ్మరి ఉంటాడు, కాబట్టి ఆ పేర్లు ఊరూరా వేర్వేరుగా పుట్టి ఎక్కువయ్యాయి. అయినా ఒకసారి పుట్టాక వాటికి పెరిగే దారి ఒక్కటే, కొడుకులు, మనవలు.

ఎస్పోసితోకు అలా కాదు. పిల్లలు పుట్టి పెరగడం ఒక దారి, తొట్టి తిరిగిన ప్రతిసారీ కొత్తగా ఒక ఎస్పోసితో రావడం ఇంకో దారి. నిన్న వచ్చిన బిడ్డకు, ఈ రోజు వచ్చిన బిడ్డకు రక్తసంబంధం ఏమీ లేదు, పేరు మాత్రం ఒకటే. అలా రోజూ ఒక కొత్త వంశం మొదలైంది, ఒక ఏడాదో పదేళ్లో కాదు, తరాల తరబడి. 19వ శతాబ్దంలో ఒక్క అన్నుంజియాతాకే ఏటా 2,000 మంది దాకా పిల్లలు వచ్చేవారు. వాళ్లలో బతికినవాళ్లు కొందరే అయినా, ఇలా పోగవుతూ వచ్చిన పేరు ఎంత పెద్దదవుతుందో మీరే లెక్క వేసుకోండి.

పైగా నేపుల్స్ అప్పట్లో యూరప్‌లోని అతి పెద్ద నగరాల్లో ఒకటి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా బిడ్డల్ని అక్కడికే పంపేవారు. పేరు కంపానియా ప్రాంతంలో అంత దట్టంగా ఉండటానికి అదీ కారణం. తర్వాత దక్షిణాది జనం పనుల కోసం మిలాన్, టూరిన్ వైపు వెళ్లారు, ఓడలెక్కి అమెరికాకు, అర్జెంటీనాకు వెళ్లారు, పేరూ వాళ్లతోనే పోయింది.

ఇక్కడ ఒక విషయం కలపాలి. పేరు పెట్టడం 19వ శతాబ్దం చివరిదాకా ఇలాగే సాగలేదు. నెపోలియన్ బావమరిది మురా 1808 నుంచి 1815 దాకా నేపుల్స్‌కు రాజు. అతని హయాంలోనే, ఈ పేరు జీవితాంతం ముద్రలా అంటుకుంటోందని, కొత్త పిల్లలకు ఎస్పోసితో అని పెట్టడం ఆపించారు. అప్పటినుంచి పేరు రాసే గుమాస్తాలు ఒక్కో బిడ్డకు ఒక్కో ఇంటిపేరు కల్పించాల్సి వచ్చింది. 1861లో ఇటలీ ఒక్కటయ్యాక కూడా పుట్టుక తెలిసిపోయే పేర్లు పెట్టకూడదన్న నిబంధనే కొనసాగింది. ఆపేనాటికే ఎస్పోసితోలు పాతుకుపోయారు కాబట్టి సంఖ్య మీద పెద్దగా తేడా పడలేదు. వెతికేవాళ్లకు మాత్రం ఈ సంగతి చాలా ముఖ్యం, దాని గురించి కింద ఇంకో ప్రశ్న ఉంది.

ప్రశ్న: మిగతా ఇటలీలో పిల్లల్ని వదిలేసేవారు కాదా? వాళ్లకేం పేర్లు పెట్టారు?

జవాబు: వదిలేశారు, ప్రతి పెద్ద ఊళ్లోనూ. పేరు మాత్రం ఊరిని బట్టి మారింది.

ఫ్లోరెన్స్‌లో బ్రూనెల్లెస్కీ నమూనాతో 1419లో కట్టడం మొదలుపెట్టిన "ఇన్నొచెంతి" ఆసుపత్రి ఉంది, అమాయక శిశువుల ఆసుపత్రి అని. 1445 ఫిబ్రవరి 5న తొలి బిడ్డ వచ్చింది, ఆడపిల్ల, సెయింట్ అగాథా పండుగ రోజు కావడంతో అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. భవనం ముందు కమానుల మధ్య నీలం నేపథ్యంలో గుడ్డ చుట్టిన తెల్లని పసిపిల్లల బొమ్మలు గుండ్రటి పలకల మీద ఉంటాయి, ఆంద్రేయా దెల్లా రోబ్బియా చేసినవి. ఫ్లోరెన్స్ వెళ్లే తెలుగువాళ్లు పెద్ద చర్చి చూసి వెనక్కి తిరుగుతారు, ఐదు నిమిషాలు నడిస్తే ఇది ఉంటుంది, చూడండి. టస్కనీలో కనిపించే ఇన్నొచెంతి, దెల్యిన్నొచెంతి, నొచెంతీని అనే ఇంటిపేర్లు ఆ ఆసుపత్రి చలవే.

రోమ్ వైపు ప్రోయెత్తి, "విసిరేసిన" అనే మాట నుంచి వచ్చింది. అర్థం ఎస్పోసితో కంటే మొరటు. బొలోన్యా వైపు దెల్యి ఎస్పోస్తి. ఇవి కాక త్రొవాతో, అంటే దొరికినవాడు. దియొతల్లేవి, అంటే దేవుడే నిన్ను పెంచాలి. ఈ చివరిది పెట్టిన గుమాస్తా చేతులు దులుపుకున్నాడో, మనసారా దీవించాడో పేరును చూసి చెప్పడం కష్టం.

మిలాన్‌లో కొలంబో. అక్కడి పెద్దాసుపత్రి గుర్తు పావురం, ఇటాలియన్‌లో కొలొంబా, అందుకని 1825 దాకా అక్కడ దొరికిన పిల్లలకు కొలంబో అని పెట్టారు. ఈ రోజుకీ లొంబార్దీలో ఆ పేరు కుప్పలు తెప్పలు.

ప్రశ్న: అయితే అమెరికాకు వెళ్లిన కొలంబస్ కూడా అనాథ వంశమేనా?

జవాబు: కాదు. అతను జెనోవావాడు, 15వ శతాబ్దం మనిషి, తండ్రి దొమెనికో కొలంబో ఉన్ని నేతగాడు. కొలంబో అనేది పావురాలు పెంచేవాళ్లకూ వచ్చింది, మధ్యయుగాల్లో మనిషి పేరుగానూ ఉండేది. మిలాన్ అనాథల వల్ల సంఖ్య పెరిగింది, అంతే. ఇంటిపేరు చూసి చరిత్ర చెప్పేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ప్రశ్న: మార్గరీటా పిజ్జా కనిపెట్టింది ఒక ఎస్పోసితో అంటారు. నిజమా?

జవాబు: రఫ్ఫాయెలే ఎస్పోసితో, నేపుల్స్ పిజ్జా వంటవాడు. 1889లో రాణి మార్గరీటా నేపుల్స్ వచ్చినప్పుడు మూడు రకాలు చేసి పంపాడని, టమాటా, మొజరెల్లా, తులసి వేసింది ఆవిడకు నచ్చిందని, దానికి ఆమె పేరు పెట్టాడని కథ. రాజభవనం నుంచి వచ్చిన మెచ్చుకోలు ఉత్తరం అంటూ ఒకటి ఆ హోటల్లో గోడకు తగిలించి ఉంది. మనిషి నిజం, హోటల్ నిజం. ఉత్తరం మీద మాత్రం పరిశోధకులకు అనుమానాలున్నాయి, పైగా ఆ దినుసులతో పిజ్జా ఆ ఊళ్లో అంతకుముందే తినేవారు. కాబట్టి కనిపెట్టాడు అనకండి, పేరు తెచ్చాడు అనండి. ఇంకో తమాషా, ఆ హోటల్‌ను ఇప్పుడు పిలిచేది బ్రాందీ అని, అది ఆయన భార్య పుట్టింటి పేరు.

ప్రశ్న: మా ఆఫీసులో ఇటలీ నుంచి ఒక ఎస్పోసితో వచ్చాడు. మీ పూర్వీకులు అనాథలా అని అడిగితే బాగుంటుందా? వాళ్లకు ఈ పేరంటే నామోషీ ఉంటుందా?

జవాబు: అడగొద్దు. అతనికి అర్థం తెలుసు, నేపుల్స్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అడిగి మీరు కొత్తగా చెప్పేదేమీ లేదు. అతనే మాటల్లో తెస్తే వినండి, మంచి కథలు దొరుకుతాయి.

నామోషీ సంగతి. ఒకప్పుడు ఉండేది, బాగానే ఉండేది. అందుకే కొందరు ముందు అక్షరం చెరిపేసి స్పోసితో అయ్యారు, కొందరు దెస్పోసితో అయ్యారు. కాగితాల్లో తండ్రి పేరు దగ్గర ఖాళీ చూసి మనిషిని తూచే రోజులవి. ఆ బాధ ఇటలీలో చాలాకాలం సాగింది. తండ్రి తెలియనివాళ్ల కాగితాల్లో "ఎన్నె ఎన్నె" అని రెండక్షరాలు రాసేవారు, బడిలో చేరాలన్నా ఉద్యోగానికి వెళ్లాలన్నా అవే ముందు కనబడేవి. 1955లో చట్టం తెచ్చి, మామూలు సర్టిఫికెట్లలో తల్లిదండ్రుల పేర్లు రాయడమే తీసేశాక ఆ టెన్షన్ పోయింది.

ఎస్పోసితోల విషయంలో చట్టం కంటే సంఖ్యే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. తరగతిలో నలుగురు, వీధిలో పదిమంది, మేయర్ ఒకడు, డాక్టర్ ఒకడు, పోలీసు ఒకడు, అందరికీ అదే పేరున్నప్పుడు ఎవడిని చూసి ఎవడు వేలెత్తుతాడు? ఇప్పటి నేపుల్స్‌లో అది మామూలు పేరు. ఇంకా చెప్పాలంటే ఊరి పేరు లాంటిది, వినగానే మనిషి నేపుల్స్‌వాడని తెలిసిపోతుంది. అమెరికన్ టీవీ నటుడు జాన్‌కార్లో ఎస్పోసితోనే చూడండి, పుట్టింది కోపెన్‌హాగన్‌లో, అమ్మ ఆఫ్రికన్ అమెరికన్, పేరు మాత్రం నేపుల్స్ తండ్రి గుర్తు.

ప్రశ్న: మా అల్లుడు ఇటాలియన్ అమెరికన్, వాళ్ల ముత్తాత ఎస్పోసితో, నేపుల్స్ నుంచి వచ్చాడట. వంశవృక్షం ఎంత దూరం వెతకగలం?

జవాబు: ముత్తాత పుట్టిన ఊరు, ఏడాది ముందు పట్టుకోండి. నేపుల్స్ అని చెప్పినవాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, అమెరికాలో ఎవరికీ అర్థం కాదని నేపుల్స్ అనేసేవారు. ఆ తర్వాత పని తేలికే. నేపుల్స్ రాజ్యంలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ రిజిస్టర్లు 1809 నుంచి మొదలయ్యాయి, వాటిలో చాలా భాగం ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్ల "అంతెనాతి" వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. చేతిరాత, ఇటాలియన్ భాష, ఓపిక కావాలి. పెళ్లి కాగితాల కట్ట దొరికితే పండగే, అందులో వధూవరుల తల్లిదండ్రుల వివరాలు, ఒక్కోసారి తాతల మరణ పత్రాలు కూడా కలిపి కుట్టి ఉంటాయి.

ఇక్కడ మురా సంగతి గుర్తుచేసుకోండి. మీ అల్లుడి ముత్తాత 1880 ప్రాంతంలో పుట్టి ఉంటే, తొట్టిలో వచ్చిన బిడ్డ దాదాపు ఆయన కాడు, ఆ పేరు ఆయనకు తండ్రి నుంచి వచ్చిందే. పేరు మొదలైన మనిషి 19వ శతాబ్దం తొలి రోజుల కంటే ముందే ఉండాలి, అంటే ప్రభుత్వ రిజిస్టర్లు దాటి చర్చి బాప్తిస్మ పుస్తకాల్లోకి వెళ్లాలి. అలా వెళ్తూ వెళ్తూ ఒకచోట తల్లి తండ్రి పేర్లు లేని నమోదు ఎదురవుతుంది, ఆ బిడ్డ అన్నుంజియాతాకు వచ్చినవాడైతే అక్కడి పాత పుస్తకాల్లో బట్ట రంగుతో సహా వివరం దొరకొచ్చు. దానికి వెనక కాగితం ఉండదు. కాగితం లేకుండా చేయడమే కదా ఆ తొట్టి పని. డీఎన్‌ఏ పరీక్షతో దూరపు చుట్టాలెవరైనా తగలొచ్చు గానీ, రెండు వందల ఏళ్ల కింద తొట్టి దగ్గర నిలబడింది ఎవరో అది చెబుతుందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: "ఎస్పోసీటో" అనాలా, "ఎస్పోసితో" అనాలా?

జవాబు: "పో" మీద నొక్కి పలికి, చివర తేలిగ్గా "సితో". అమెరికాలో "సీ" సాగదీస్తారు, ఫిల్, టోనీలను అలాగే పిలిచారు. ఇటలీవాళ్ల దగ్గర మాత్రం "పో" మీదే నొక్కి పలకండి.

ప్రశ్న: ఆ తొట్టి ఇప్పటికీ ఉందా? ఈ రోజు ఇటలీలో ఎవరైనా బిడ్డను వదిలేస్తే ఏ పేరు పెడతారు?

జవాబు: నేపుల్స్ తొట్టి ఉంది, తిరగదు, చూడటానికి మాత్రమే. ఇలాంటివి ముందుగా మూసింది ఫెర్రారా నగరం, 1867లో. మరుసటి ఏడాది మిలాన్. నేపుల్స్‌ది 1875 జూన్‌లో మూతపడింది. మిగిలినవాటిని 1923లో దేశమంతటా రద్దు చేశారు. ఇప్పుడు కొన్ని ఆసుపత్రుల దగ్గర "కుల్లా పెర్ ల వీతా" అని వెచ్చగా ఉండే పెట్టెలు పెట్టారు, బిడ్డను ఉంచగానే లోపల గంట మోగుతుంది. దానికంటే మంచి దారి ఇంకోటి ఉంది, ఇటలీ చట్టం ప్రకారం తల్లి తన పేరు రాయించకుండానే ఆసుపత్రిలో కాన్పు చేయించుకోవచ్చు, బిడ్డను దత్తతకు ఇస్తారు.

పేరు పెట్టేది పురపాలక అధికారి. 2000 నాటి పౌర నమోదు నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది: కన్నవాళ్లు తెలియని బిడ్డకు ఆ సంగతి బయటపెట్టే ఇంటిపేరు పెట్టకూడదు, చరిత్రలో పేరున్న వంశాలదీ పెట్టకూడదు, ఆ ఊళ్లో అందరికీ తెలిసిన కుటుంబానిదీ పెట్టకూడదు. ఉన్న పేరు పుట్టుకను బయటపెడుతోందని ఎవరైనా అనుకుంటే జిల్లా అధికారి ప్రెఫెత్తోకు దరఖాస్తు పెట్టి మార్చుకోవచ్చు. ఎస్పోసితోలు మార్చుకోవాలంటే దారి ఉందన్నమాట, కానీ నేపుల్స్ జాబితాలో ఇప్పటికీ మొదటి పేరు అదే.